పాలమూరు వలస, భాష, బొమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మహబూబ్‌నగర్‌లో డ్రాయింగ్ టీచర్‌ని. వలసపోయి వచ్చిన ఇళ్లలోని మాటలు, పాత బట్టలు, సామాన్లు తీసుకుని బొమ్మలు చేస్తుంటాను. చూడటానికి వచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు, బడిలో పిల్లల తల్లిదండ్రులు పదే పదే అడిగే సంగతులు కొన్ని ఉన్నాయి. ప్రతిసారీ సగం సగం చెప్పేకంటే ఒకచోట పూర్తిగా రాసి పెడదామని ఇది మొదలుపెట్టాను.

కూలీ బొమ్మ గీస్తే అది వలస కళ అయిపోతుందా?

అవదు. తల మీద తట్ట, చంకలో బిడ్డ, వెనక సగం కట్టిన బిల్డింగు. ఈ బొమ్మ మనందరికీ కంఠతా వచ్చు. గీసినవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ ఆడమనిషిది ఏ ఊరు, మేస్త్రీతో ఏ భాషలో మాట్లాడింది, ఆ పూట ఏం వండింది, బిడ్డను ఏ పాట పాడి నిద్రపుచ్చింది అన్నది ఆ బొమ్మ చెప్పదు. అలాంటి బొమ్మ చూసి మనం జాలిపడతాం, అంతటితో మరిచిపోతాం.

ఊరు విడిచిన మనిషి లోపల ఏం మారిందో, ఏం మారలేదో పట్టుకునే పనినే నేను వలస కళ అంటాను. పిలిచే పేరు మారుతుంది. యాస మారుతుంది. జొన్న రొట్టె మానేసి పావ్ తినడం అలవాటవుతుంది. కానీ దెబ్బ తగిలినప్పుడు నోట్లోంచి వచ్చే మాట మాత్రం మారదు. ముంబైలో ముప్పై ఏళ్లు ఉన్నా కాలి మీద ఇటుక పడితే "ఓయవ్వో" అనే అంటారు. ఈ రెండింటి మధ్య ఉన్న జాగాలోనే బొమ్మకు పని ఉంది.

ఇమిగ్రెంట్ అంటే అమెరికా పోయినవాళ్లు కదా? పాలమూరోళ్లు మన దేశంలోనే కదా తిరిగేది?

పాస్‌పోర్టు అక్కర్లేదు, నిజమే. కానీ రాత్రి మహబూబ్‌నగర్‌లో ముంబై బస్సెక్కిన మనిషి తెల్లారి కళ్లు తెరిచేసరికి బోర్డులు చదవలేడు. ఎవరైనా దారి చెప్తే అర్థం కాదు. దవాఖానకు పోతే నొప్పి ఎక్కడుందో చేత్తో చూపించాలి. భాష తెలియని చోట పెద్దమనిషి కూడా చిన్నపిల్లాడు అయిపోతాడు. న్యూయార్క్‌లో దిగినా, ముంబైలో దిగినా ఆ బాధలో తేడా లేదు.

పైగా ఇది నిన్న మొన్నటిది కాదు. ముంబైలో కామాటిపుర అనే పేటకు ఆ పేరు వచ్చింది మన తెలుగు కూలీల వల్లనే. నిజాం రాజ్యం నుంచి ఇళ్లు కట్టే పనులకు పోయిన కామాటీలు అక్కడ స్థిరపడ్డారు. షోలాపూర్, భివండీ మగ్గాల మీద నల్లగొండ, పాలమూరు పద్మశాలీల చేతులు తరాలుగా ఆడుతున్నాయి. కృష్ణ, తుంగభద్ర రెండూ మన పాత పాలమూరు జిల్లా అంచునే పారుతున్నా చేలు మెరకన ఉండి నీళ్లు ఎక్కలేదు. వాన పడితేనే పంట పండేది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఆ బాకీ తీరేదాకా అతను తీసుకెళ్లిన చోటల్లా పనిచేయాలి. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా "పాలమూరు లేబర్" అన్న పేరు వినబడింది అందుకే. జిల్లా పేరు పనిమనిషి పేరుగా మారిన చోటు మనది. గుర్తింపు అనే విషయం మీద బొమ్మ వేయడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు అక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్తాను. తెలంగాణలో లంబాడాలు 1976 నాటి చట్టంతో షెడ్యూల్డ్ తెగ అయ్యారు. అదే లంబాడా, అంటే బంజారా మనిషి కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం కిందికి వస్తాడు. మహారాష్ట్రలో విముక్త, సంచార జాతుల జాబితాలో ఉంటాడు. మాట్లాడేది అదే గోర్ బోలి, మొక్కేది అదే సేవాలాల్ మహరాజ్‌కు. బస్సు సరిహద్దు దాటేసరికి కాగితం మీద మనిషి మారిపోతాడు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నాకు ఇది చెప్పి, "సారూ, నేను ఏ చెక్‌పోస్టు దగ్గర మారిన్నో నాకు తెల్వలే" అన్నాడు. ఆ మాట నేను ఇంకా బొమ్మగా చేయలేకపోయాను. ప్రయత్నం చేస్తూనే ఉన్నాను.

వలసపోయినవాళ్ల తెలుగులో మరాఠీ, హిందీ, కన్నడం కలిసిపోతాయి. అలాంటి భాషను బొమ్మల్లో రాస్తే మన తెలుగు పాడైపోదా?

అందరికంటే ఎక్కువగా, అందరికంటే కోపంగా అడిగే ప్రశ్న ఇది. నా పని మొత్తం దీనికి జవాబే కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను.

మా అమ్మ మా ఇంటి వెనక గదిని "ఖోలీ" అంటుంది. ముంబైలో చాల్ అనే వరస గదుల మేడలో ఒక్క గదిలో తొమ్మిదేళ్లు ఉన్నారు, అక్కడ గదిని ఖోలీ అనేవాళ్లు. ఊరికి వచ్చి సొంత ఇల్లు కట్టుకున్నా ఆ మాట ఆమెతో వచ్చింది. మా నాయిన పొద్దున కూలికి నిలబడే చోటును "నాకా" అనేవాడు. మా చిన్నాయన హైదరాబాద్‌లో పనిచేశాడు, ఆయన దాన్ని "అడ్డా" అంటాడు. ఇటుకలు అందించేవాణ్ని మా నాయిన "బిగారి" అనేవాడు. గుంపును తీసుకుపోయేవాణ్ని మేం మేస్త్రీ అంటాం, పుణె వైపు చెరకు కొట్టడానికి పోయినవాళ్లు "ముకాదం" అంటారు, అతనిచ్చే అడ్వాన్సును "ఉచల్" అంటారు. ఒక ఇంట్లో నలుగురు కూర్చుని మాట్లాడుతుంటే ఎవరు ఏ తొవ్వన పోయి వచ్చారో వాళ్ల మాటల్లోనే తెలిసిపోతుంది. ఏ ఆఫీసులోనూ వీళ్లు ఎక్కడెక్కడ పనిచేశారో రాసిపెట్టలేదు. జీతం చీటీలు లేవు, అద్దె రసీదులు లేవు. వాళ్ల నోట్లో ఉన్న మాటలే వాళ్ల రికార్డు. ఆ మాటను నేను "శుభ్రం" చేస్తే రికార్డు చింపేసినట్టే.

అసలు మన పాలమూరు తెలుగు ఎప్పుడు కలవకుండా ఉంది? దవాఖాన, కచీరు, జల్ది, దస్తీ అనకుండా ఒక పూట గడవదు. మా ఊరికే రెండు పేర్లు. ఇంట్లో పాలమూరు అంటాం, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అయింది. రెండు పేర్లతో బతుకుతున్నాం, ఊరు చెడిపోలేదు.

నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం ఇంటి భాష. అక్కడి పిల్లలు నాకు రెండు మాటలు నేర్పారు. కన్నడంలో "ఊట" అంటే భోజనం. తెలుగులో ఊట అంటే భూమిలోంచి ఊరే నీళ్లు. నీళ్లు లేక తిండి కోసం ఊరు విడిచిన ప్రాంతంలో, రెండు భాషల మధ్య ఈ ఒక్క మాట నిలబడి ఉంది. కన్నడంలో "ఇల్లి" అంటే ఇక్కడ. మనకు ఇల్లు అంటే ఇల్లు. వలసపోయిన మనిషి జీవితమంతా వెతికేది ఈ రెండూ ఒకటయ్యే చోటునే కదా. మొదటిసారి ఇది తట్టినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నా మొదటి గుడ్డ బొమ్మ "ఊట" మీదనే చేశాను. దాని కథ చివర్లో చెప్తాను.

ఒక బాధ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఒక నగరంలో జరిగిన ప్రదర్శనలో నా పని పెట్టారు. గోడ మీద చీటీలో "ఖోలీ" అన్న మాట తీసేసి "గృహం" అని రాశారు, నన్ను అడగలేదు. మా అమ్మ ఏనాడూ గృహంలో ఉండలేదు. ఆమె ఖోలీలో ఉంది, గుడిసెలో ఉంది, ఇప్పుడు ఇంట్లో ఉంది. మార్చమని అడిగితే చదివేవాళ్లకు అర్థం కావాలి కదా అన్నారు. నేను ఆ బొమ్మను దించి ఇంటికి తెచ్చుకున్నాను.

వేరే దేశాల్లో ఈ పని ఎవరైనా చేశారా? వాళ్ల నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు?

చాలామంది చేశారు. నాకు బాగా పనికొచ్చిన నలుగురి గురించి చెప్తాను.

జేకబ్ లారెన్స్ అనే నల్లజాతి చిత్రకారుడు అమెరికాలో 1940, 41లో 60 చిన్న పలకల మీద ఒకే కథ గీశాడు. దక్షిణాది పొలాల్లో బతకలేక లక్షల మంది నల్లవాళ్లు రైలెక్కి ఉత్తరాది ఫ్యాక్టరీలకు పోయిన కథ అది. అప్పటికి ఆయన వయసు 23. ఆయన తల్లిదండ్రులూ అలా పోయినవాళ్లే. లైబ్రరీలో కూర్చుని చదివి, ముందు ప్రతి బొమ్మ కిందా ఉండాల్సిన వాక్యం రాసుకున్నాడు, తర్వాత గీశాడు. 60 పలకలనూ వరసగా పరిచి, ఒక రంగు తీసుకుని అది కావాల్సిన చోటల్లా అన్నింటి మీదా వేసి, ఆ తర్వాతే ఇంకో రంగు ముట్టాడు. అందుకే మొదటి పలకలోని పసుపూ చివరి పలకలోని పసుపూ ఒకటే. ఇవాళ వాటిలో బేసి సంఖ్యలవి వాషింగ్టన్‌లో ఫిలిప్స్ కలెక్షన్ మ్యూజియంలో, సరి సంఖ్యలవి న్యూయార్క్‌లో మోమా మ్యూజియంలో ఉన్నాయి. మా బడి పిల్లలతో నేను ఈ పద్ధతే చేయిస్తాను. ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక్క వాక్యం తెమ్మంటాను, తర్వాతే బ్రష్షు. మూడు నాలుగు డబ్బాల రంగే ఉన్న బడికి ఒక రంగు అందరికీ పంచే పద్ధతి ఎంత బాగా సరిపోతుందో చేసి చూస్తేనే తెలుస్తుంది.

జరీనా హష్మీ 1937లో అలీగఢ్‌లో పుట్టింది. బ్యాంకాక్, పారిస్, టోక్యో తిరిగి న్యూయార్క్‌లో స్థిరపడింది, 2020లో చనిపోయింది. 1999లో ఆమె 36 చెక్క అచ్చుల వరస చేసింది. ఇల్లు, గడప, వాకిలి లాంటి ఒక్కో ఉర్దూ మాటకు ఒక్కో నల్లటి గీతల బొమ్మ, దాని కింద ఆ మాట ఉర్దూ లిపిలోనే. దేశవిభజన తర్వాత ఆమె కుటుంబం పాకిస్తాన్ పోయింది. అక్క ఉర్దూలో రాసి పోస్టు చేయకుండా ఉంచుకున్న ఉత్తరాల మీద కూడా ఆమె అచ్చులు వేసింది. తాను ఉన్న దేశంలో చదవగలిగేవాళ్లు తక్కువే అయినా ఉర్దూను వదల్లేదు. నేను "ఖోలీ" వదలకపోవడానికి ధైర్యం ఆమె దగ్గర తెచ్చుకున్నాను.

దో హో సూ కొరియా అతను, 1962లో సియోల్‌లో పుట్టాడు, అమెరికాలో చదువుకున్నాడు. చిన్నప్పటి ఇంటిని కొలతలు తీసి పల్చటి పట్టుగుడ్డతో నిలువెత్తున కుట్టాడు. గోడలు, తలుపులు, పైకప్పు అన్నీ గుడ్డే. మడిచి సూట్‌కేసులో పెట్టుకుని ఏ ఊరికైనా పట్టుకుపోవచ్చు. గడప దాటేటప్పుడు ఇల్లు మూట కట్టుకుపోవాలని ఎవరికి ఉండదు!

మోనా హతూమ్ బీరూట్‌లో పాలస్తీనా తల్లిదండ్రులకు పుట్టింది. 1975లో లండన్ వచ్చి ఉండగా లెబనాన్‌లో యుద్ధం మొదలై ఇంటికి పోలేకపోయింది. 1988లో చేసిన ఒక వీడియోలో తల్లి ఫోటోల మీద తల్లి ఉత్తరాల్లోని అరబ్బీ చేతిరాత ముళ్లకంచె లాగా పరుచుకుని ఉంటుంది. వెనక నుంచి ఆ ఉత్తరాలను హతూమ్ ఇంగ్లీషులో చదువుతూ ఉంటుంది. తల్లి భాష కంటికి, కూతురి కొత్త భాష చెవికి. దుబాయి నుంచి, ముంబై నుంచి వచ్చిన ఉత్తరాలను చదువు వచ్చిన పిల్లలు గట్టిగా చదివి వినిపించిన ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు?

మన దగ్గర ఎవరూ చేయలేదా?

మన దగ్గర దానికి కళ అనే పేరు పెట్టలేదు, అంతే.

పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యాన్ని తీసుకోండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక అందరికీ తెలిసింది. అంతకుముందు ఆ కిన్నెర ఊరూరా తిరిగి పండుగ సాయన్న కథ చెప్పింది. తిరిగి బతికేవాళ్లు ఒక్కో ఊళ్లో ఆ ఊరి యాసలో, ఆ ఊరి మనుషుల పేర్లు కలిపి పాడతారు. సాంస్కృతిక సర్దుబాటు అని సెమినార్లలో చెప్పేదాన్ని వాళ్లు రోజూ పొట్టకూటి కోసం చేశారు.

నల్లగొండలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులను తీసుకుని సాయుధ పోరాటం మాటలు అందులో పోశాడు. రూపం పాతదే, లోపలి మాట కొత్తది. వలస మీద పనిచేసేవాళ్లు అక్కడి నుంచి నేర్చుకోవచ్చు. గౌరారం గోరటి వెంకన్న పల్లె మాటనే పద్యం చేశాడు, 2021కి సాహిత్య అకాడమీ పురస్కారం కూడా ఆ మాటకే వచ్చింది. పిల్లలు తమ యాసలో రాయడానికి సిగ్గుపడుతుంటే నేను ఆయన పేరు చెప్తాను.

నేత సంగతికి వస్తే నాకు ఆపడం కష్టం. నారాయణపేట చీర అంచులో మరాఠీ పోకడ కనబడుతుంది. శివాజీ సైన్యంతో వచ్చిన నేతగాళ్లు కొందరు ఇక్కడే ఉండిపోయారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అంటే వలస వచ్చిన చేతులు నేసిన చీరే ఇవాళ మా పాత పాలమూరు జిల్లా గుర్తు. గద్వాల చీర ఇంకా గొప్పది. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలు ఒక గుణం, పట్టు ఇంకో గుణం. రెండింటినీ పోగు పోగుకూ కలుపుతూ పోయే పనిని కుట్టు అంటారు. కలిపిన చోట గట్టిగా ఉంటుంది, కానీ నూలు నూలుగానే, పట్టు పట్టుగానే ఉంటాయి. రెండు భాషలతో బతికే మనిషి గురించి ఎవరైనా అడిగితే నేను మాటలు వెతుక్కోను, గద్వాల చీర తిరగేసి వెనకవైపు చూపిస్తాను.

లంబాడా ఆడవాళ్ల అద్దాల కుట్టు కూడా అంతే. తిరిగే జాతి తన ఆస్తిని గోడలకు కాకుండా ఒంటి మీద బట్టకు కుట్టుకుంది.

డ్యామ్ కింద ఊరు పోయినవాళ్లను కూడా వలసదారులు అనొచ్చా?

వాళ్లు తిరిగి వెళ్లడానికి ఊరే లేదు. కాబట్టి వాళ్ల బాధ వేరు. శ్రీశైలం నీళ్లలో కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపూర్‌లో మళ్లీ కట్టారు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, ఆ నీళ్లలో ఏలేశ్వరం పోయింది, నాగార్జునకొండ శిల్పాలు దీవి మీది మ్యూజియానికి ఎక్కాయి. రాళ్లకు నంబర్లు వేసి జాగ్రత్తగా తరలించారు. ఆ ఊళ్ల మాటలకు, ఇళ్ల పేర్లకు, చేల పేర్లకు ఎవరూ నంబర్లు వేయలేదు. ముంపు ఊరి ముసలివాళ్లు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే వాళ్లను అడిగి చేల పేర్లు రాసుకోండి. ఇంకా ఆలస్యం చేయొద్దు.

నేను ఆర్టిస్టును కాను. మా ఇంటి కథతో ఏం చేయగలను?

ఒక నోటుబుక్కు కొనండి. పని అక్కడ మొదలవుతుంది.

ఇంట్లో వాడే "బయటి" మాటలన్నీ రాయండి. ప్రతి మాట పక్కన మూడు సంగతులు ఉండాలి: ఎవరు అంటారు, ఏ ఊళ్లో నేర్చుకున్నారు, ఏ సందర్భంలో నోట్లోంచి వస్తుంది. కోపంలో వచ్చే మాటలు వేరు, బేరంలో వచ్చేవి వేరు. మా ఇంట్లో లెక్కలన్నీ మరాఠీలో జరిగేవి, తిట్లన్నీ తెలుగులో.

తర్వాత సామాన్లు. మేస్త్రీ పని చేసినవాళ్ల ఇంట్లో పాత తాపీ ఉంటుంది, దాని చెక్క పిడి చెయ్యి పట్టిన చోట అరిగి ఉంటుంది. తట్ట కింద తలకు పెట్టుకునే సుట్టబట్ట ఉంటుంది. డబ్బాల మీద గీసిన పేర్లుంటాయి. ఇవి పారేయకండి. ఒక తెల్ల గుడ్డ పరిచి, వాటిని ఒక్కొక్కటిగా పెట్టి పగటి వెలుతురులో పై నుంచి ఫోటో తీయండి. ఫోన్ చాలు.

గొంతు రికార్డు చేసేటప్పుడు "మీ వలస అనుభవాలు చెప్పండి" అని అడగొద్దు, ఎవరికైనా నోరు పడిపోతుంది. "అక్కడ పొద్దున పొయ్యి మీద ముందు ఏం పెట్టేవాళ్లు?" అని అడగండి. పొయ్యి నుంచి కట్టెలు, కట్టెల నుంచి పక్క గుడిసె, పక్క గుడిసె నుంచి దాంట్లో పురుడు పోసుకున్న మనిషి, అట్ల కథ అదే సాగుతుంది. మధ్యలో మాట సరిదిద్దకండి.

గీయాలనిపిస్తే పాత చీర మీద దారి కుట్టండి. ఊరి నుంచి పోయిన చోటికి ఒక దారం, వచ్చినప్పుడు ఇంకో రంగు. ఏడేళ్లు పోయి వస్తే పద్నాలుగు దారాలు. మా వీధిలో ఒకావిడ ఇలా కుట్టడం మొదలుపెట్టింది. ఆమె గుడ్డలో మధ్యలో ఒక సంవత్సరానికి పోయే దారం ఉంది, వచ్చే దారం లేదు. ఎందుకని నేను అడగలేదు. ఆమే రెండు నెలల తర్వాత చెప్పింది, ఆ యేడు పోయినప్పుడు ఇద్దరు పోయి ఒక్కతే వచ్చిందని.

చదువు రానివాళ్లు, లిపి లేని భాషవాళ్లు ఏం చేయాలి?

గోర్ బోలికి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగులో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాసుకుంటారు. అది లోటు అని నేను అనుకోను. తాండా పిల్లలు తమ భాషను తెలుగు అక్షరాల్లో రాసి గట్టిగా చదివినప్పుడు, ఇంట్లో అవ్వలు నవ్వి తప్పు సరిచేస్తారు. ఆ సరిచేయడం కూడా పనిలో భాగమే. ఇంకోటి, అక్షరం రాని చెయ్యి కుట్టగలదు, ముగ్గు వేయగలదు, పాడగలదు.

కూలీల ఫోటోలు తీసి పెట్టొచ్చా?

అడిగి తీయండి. తీసింది వాళ్లకు చూపించండి. వద్దంటే తుడిచేయండి. అప్పుల్లో ఉన్న మనిషి మేస్త్రీ పేరు, పనిచేసిన సైటు పేరు బయట పెట్టకండి, మీరు ఇంటికి వచ్చేస్తారు, మళ్లీ అక్కడికే పనికి పోవాల్సింది అతను. పిల్లల ముఖాలు అసలు వద్దు. నేను చేతులు, సామాన్లు, మాటలు మాత్రమే వాడతాను.

అన్నీ ఏడుపు బొమ్మలేనా?

వలసలో నవ్వు చాలా ఉంది. మొదటిసారి సముద్రం చూసిన మనిషి చెప్పేది వినండి. కొత్త భాషలో తప్పు మాట పడి జరిగిన తమాషాలు, సైటు దగ్గర తంగేడు దొరక్క ఏ పూలు దొరికితే వాటితో పేర్చిన బతుకమ్మలు. "మా ఊరు గీయండి" అంటే క్లాసులో అందరూ పిల్లలమర్రి గీశారు, పుణె నుంచి వచ్చిన ఒక పిల్లవాడు ఎత్తైన క్రేన్ గీసి, దాని కొనకు గాలిపటం కట్టాడు. వాడికి ఊరంటే అదే. పక్కపిల్లలు నవ్వబోతే, నేను ఆ బొమ్మనే ముందు గోడకు అంటించాను.

అమెరికాలో ఉన్న మా మనవళ్లకు తెలుగు రాదు. ఇదంతా వాళ్లకు ఎందుకు?

నల్లగొండ, సూర్యాపేట ఇళ్ల నుంచి ఈ ప్రశ్న ఎక్కువ వస్తుంది, గొంతులో దిగులు వినబడుతుంది. వాళ్లకు పద్యాలు నేర్పలేకపోతున్నామని బాధపడకండి. ఒక్క వస్తువు, ఒక్క మాట ఇవ్వండి. గొంగడి ముక్క పంపి, దాన్ని గొంగడి అనే పిలవమనండి. దాని గరుకు వాళ్ల చేతికి తెలిస్తే ఆ మాట ఉండిపోతుంది. వీడియో కాల్‌లో పిల్లవాడు ఇంగ్లీషు కలిపి మాట్లాడితే సరిదిద్దకండి, ఆపకండి. మా అమ్మ ఖోలీ అన్నట్టే వాడు ఇంకేదో అంటాడు. వాడిది ఇంకో తొవ్వ.

మన దగ్గరికి వచ్చిన వేరే రాష్ట్రాలవాళ్ల గురించి ఎందుకు మాట్లాడరు?

మాట్లాడాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది బీహార్ హమాలీలు. ఇటుక బట్టీల్లో ఒడిశా బలంగీర్, నువాపడా వైపు కుటుంబాలు ఉన్నాయి. ఒకప్పుడు మా నాయిన ముంబైలో ఎట్లా నిలబడ్డాడో, వాళ్లు ఇప్పుడు మన దగ్గర అట్లా నిలబడ్డారు. "ఈ బయటోళ్లు" అని మనవాళ్లు అంటుంటే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. పోయిన ఎండాకాలం ఒక బట్టీ పిల్లలతో కూర్చున్నాను. బట్టీ మట్టితోనే బొమ్మలు చేశాం. వాళ్లు ఒడియాలో ఒక పేరు చెప్తే మా పిల్లలు తెలుగులో చెప్పారు. ఇల్లు, ఆవు, బస్సు. "బస్సు" రెండు వైపులా బస్సే. అక్కడ అందరూ గట్టిగా నవ్వారు.

ఎక్కడ చూపించాలి? అమ్ముకోవచ్చా?

అమ్ముకోండి, తప్పేం లేదు. కథ ఇచ్చినవాళ్లకు వాటా ఇవ్వండి.

చూపించడం మాత్రం ముందు ఊళ్లోనే. గ్రామపంచాయతీ గోడ, బడి వరండా, దసరాకు అందరూ ఇళ్లకు వచ్చిన రోజులు. చుట్టూ నిలబడి "ఇది మా మేస్త్రీ కదా", "ఈ మాట మా వదిన అంటది" అని జనం గొడవపడితే ఆ బొమ్మ నిలిచినట్టు. హైదరాబాద్‌కు తర్వాత పోవచ్చు.

మీ మొదటి బొమ్మ మీ అమ్మకు నచ్చిందా?

అది మా నాయిన పాత పంచె మీద చేసింది. మధ్యలో దారంతో ఒక పళ్లెం కుట్టాను. పళ్లెంలో "ఊట" అన్న రెండు అక్షరాలు నీలి దారంతో. ఖాళీ పళ్లెంలో నీళ్లు, నీళ్ల పేరుతో అన్నం అని నా లెక్క. ఆరు వారాలు పట్టింది.

అమ్మకు చదువు రాదు. అది ఏ మాట అని అడిగి, చెప్తే ఆ అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు నడిపింది. నారాయణపేట వాళ్లు ఇంటి ముందు నుంచి పోతూ "ఊట ఆయ్తా", అంటే భోజనం అయిందా అని అడిగేవాళ్లని చెప్పింది. తర్వాత పళ్లెం వైపు చాలాసేపు చూసింది.

"పళ్లెం ఎందుకు ఖాళీగ పెట్టినవ్ కొడుకా? ఒక రొట్టె ఎయ్యి."

నేను నా లెక్క చెప్పబోయాను. ఆమె అప్పటికే సూదిలోకి దారం ఎక్కిస్తోంది. కళ్లు కనబడక మూడుసార్లు తప్పింది, నాకిచ్చింది. జొన్న రొట్టె రంగు దారం మా ఇంట్లో లేదు. గోనెసంచి నుంచి ఒక పోగు లాగి దాంతో కుట్టాం. రొట్టె అంచు ఒకవైపు విరిగినట్టు ఉండాలని ఆమే చెప్పింది, చేత్తో కొట్టిన రొట్టె గుండ్రంగా ఉండదని.